పోపుల డబ్బా కాని పెట్టె

నేను ఒక లక్కపెట్టెను. ఎవరైనా పోపుల డబ్బా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి నా కడుపులో ఆవాలు, మెంతులు ఉన్నమాట నిజమే. అది నా తలరాత గానీ నా పుట్టుక కాదు.

పుట్టింది బర్మాలో, పగాన్‌లో. వెదురు బద్దలతో అల్లి, చెట్టుపాలు పూసి, ఆరబెట్టి, మళ్ళీ పూసి నెలల తరబడి సాగదీశారు. నా ఉద్యోగం అంత పెద్దది మరి. అక్కడ తేయాకును తాగడమే కాదు, ఊరవేసి తింటారు కూడా. లఫెట్ అంటారు. నా నడిమి అరలో ఆ ఆకు, చుట్టూ అరల్లో వేయించిన వెల్లుల్లి, వేరుశనగ, నువ్వులు. తగువుపడ్డ ఇద్దరూ కలిసి ఆ ఆకు తింటే తగువు తీరిపోయినట్టే. వకీళ్ళు ఏళ్ళకేళ్ళు నడిపే పనిని నేను పిడికెడు ఆకుతో తేల్చేసేదాన్ని.

రంగూన్‌లో నన్ను గున్నమ్మ కొంది. అక్కడి మన తెలుగువాళ్ళు పగోడాలో బుద్ధుడికీ ఇంట్లో నూకాలమ్మకీ సమానంగా మొక్కేవారు. ఎవరు ముందు ఆలకిస్తారో ఎవరికి తెలుసు? అక్కడున్నన్నాళ్ళూ "మా సిక్కోల్లో" అని గొప్పలు. ఓడెక్కి విశాఖపట్నం వచ్చి బర్మా కాలనీలో దిగిన మర్నాటి నుంచీ "మా బర్మాలో" అని గొప్పలు. ఇక్కడ లఫెట్ ఎక్కడ దొరుకుతుంది? కోడలు కనకరత్నం కాపురానికొచ్చి, నా అరలు చూసి, సంబరంగా ఆవాలు పోసింది.

పక్కవాటాలో గున్నమ్మ ఆడపడుచు సూరమ్మ ఉండేది. ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవు. కారణం మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా వేసుకునే బర్మా ఫలహారం. సూరమ్మ అందులో చింతపండు పిసికిందట. గున్నమ్మ పదిమందిలో దాన్ని తద్దినం పులుసు అంది. అంతే! ఏప్రిల్‌లో బర్మావాళ్ళ నీళ్ళ పండగకి దారినపోయే పోస్టుమాన్‌ని కూడా తడిపేవారు, ఒకరి మీద ఒకరు చుక్క చల్లుకునేవారు కాదు.

ఆ వీధిలో రంగూన్‌లో పుట్టినవాళ్ళు ఇక వాళ్ళిద్దరే మిగిలారు. గున్నమ్మ నోట బర్మా మాట వస్తే అర్థమయ్యే ఒక్క మనిషీ గోడ అవతల ఉంది. నాకు బాధగా ఉండేది.

ఒకరోజు పొద్దున్నే సూరమ్మ గుమ్మంలోకి వచ్చింది. రంగూన్ చుట్టాలు ఎవరిచేతనో పంపిన లఫెట్ పొట్లం ఆమె చేతిలో ఉంది.

"ఒలొదినా, ఇది నానొక్కర్తినీ ఎలాగ తింతాను? నీ పెట్టి తియ్యి. మజ్జాన్నం వత్తాను" అని, పొట్లం గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

గున్నమ్మ గబగబా నా ఆవాలు దులిపి, కడిగి, తుడిచి, నడిమి అర నింపింది. వెల్లుల్లి వేయించింది. తర్వాత స్నానం చేసి, బర్మా ఆడవాళ్ళలా చెక్క అరగదీసిన థనకా గంధం బుగ్గలకు పూసుకుంటూ కూర్చుంది. పెళ్ళికూతురు కూడా అంతసేపు ముస్తాబవదు.

ఆలోగా బజారు నుంచి కనకరత్నం వచ్చింది.

సూరమ్మ వచ్చేసరికి నా నడిమి అర ఖాళీ.

"ఆకేదే?" అంది గున్నమ్మ.

"ముక్కిపోతందత్తా. పారబోత్తే పాపమని పప్పులో ఏసేసినాను" అంది కోడలు, తన పొదుపుని తనే మెచ్చుకుంటూ.

గున్నమ్మ బుగ్గల మీద గంధం పగిలింది. ఏడుస్తుందనుకున్నాను. సూరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనక్కి తిరిగితే మరో పదకొండేళ్ళు ఇద్దరికీ లేవు.

గున్నమ్మ కంచం వేసింది. పప్పన్నం కలిపి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని మింగింది. వేపచెక్కలా చేదు. సూరమ్మ చెప్పులు విప్పి లోపలికొచ్చి, అదే కంచంలో చెయ్యిపెట్టింది. ఇద్దరూ మెతుకు మిగల్చకుండా తిన్నారు.

"బాగున్నాదా?" అని మురిసిపోతూ అడిగింది కనకరత్నం.

"బాగున్నాదే" అన్నారు ఇద్దరూ ఒకేసారి. పదకొండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఆడిన మొదటి అబద్ధం అది.