శొంఠి పట్టు చెప్పిన మెదడు సంగతి

ఉదయ్ భాస్కర్‌కు తన మీద తనకు మహా గౌరవం. ఖమ్మం ఖానాపురం హవేలిలో ఇంటి గేటు మీద డాక్టర్ అని రాయించుకున్నది పరిశోధనకు వచ్చిన పట్టా చూసుకుని. అయినా పక్కింటివాళ్లు జలుబుకు మందడిగితే కాదనేవాడు కాదు.

వారానికి రెండు రోజులు భద్రాచలంలో, కిరాయికి తీసుకున్న గదిలో, ఆయన మిషను కొలువుదీరేది. నుదుటికి పట్టీ కట్టి ఎర్రటి కాంతి లోపలికి పంపితే, తిరిగొచ్చిన వెలుతురును బట్టి మెదడుకు రక్తం ఎంత అందుతోందో గీత గీసి చూపిస్తుంది. ఆ వెలుతురు చర్మం గుండానే మెదడుకు పోతుంది కాబట్టి చర్మంలో పారే రక్తం కూడా లెక్కలో కలుస్తుందని, దాన్ని తీసేయడానికి దగ్గరలో ఇంకో సెన్సారు పెట్టమని ఆయన గైడు మూడుసార్లు చెప్పాడు. ఉదయ్ భాస్కర్ పెట్టాడు కూడా. కానీ మిషనుకు ఫోటో తీస్తే వైర్లు అసహ్యంగా వేలాడుతున్నాయని పీకేశాడు. పట్టీ బిగుతుగా ఉందని జనం మూతి ముడిస్తే అదీ వదులు చేశాడు. చర్మానిదేముంది, కాగితమంత మందం అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

ఆ రోజు కాశయ్య వచ్చాడు. మణుగూరు వైపు బొగ్గు గనిలో డంపర్ తోలే మనిషి. రెండు నెలల కింద పక్షవాతం తాకి వదిలింది. కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. పోయిన వారం మిషను అతని మెదడు బ్రహ్మాండంగా ఉందని తేల్చింది. ఇవాళ కూడా అదే మాటంటే సోమవారం నుంచి డ్యూటీ, అంటే లారీకి నాలుగింతలుండే బండి.

భార్య బతుకమ్మ, మొన్న నల్లా దగ్గర లేచి పడిపోయిండని చెప్పుకొచ్చింది. ఉదయ్ భాస్కర్ చిరునవ్వుతో తెర వైపు చూపించాడు. గీత గుట్టెక్కి కూర్చుంది. మెదడు మీకంటే నాకంటే బాగుందమ్మా, పడింది కాళ్ల నీరసం వల్ల అన్నాడు. సైన్సు చెప్పాక ఆడమనిషి మాటకు విలువేముంటుంది?

టెక్నీషియన్ పద్మప్రియ పట్టీ విప్పబోయి ఆగింది. కాశయ్య నుదురు ఎర్రగా కందిపోయి ఉంది. ఏం రాశారని అడిగింది.

బతుకమ్మ సిగ్గుపడింది. రోజూ తలనొప్పికి శొంఠి అరగదీసి పట్టు వేస్తుందట, దవాఖానాకు అట్లాంటి మొహంతో పోతే బాగుండదని ఇక్కడికొచ్చాక గేటు దగ్గరే కడిగేస్తుందట. పోయిన వారం కూడా అంతే.

ఉదయ్ భాస్కర్ తెర మీది గీతను, కందిన నుదుటిని మార్చి మార్చి చూశాడు. శొంఠి మంటకు నుదుటి చర్మంలోకి ఉరికిన రక్తాన్ని రెండుసార్లు మెదడని మెచ్చుకున్నాడు.

"గట్టిగ గుడ్డ కడ్తే నొప్పి తగ్గుతది సారూ, నేను గట్లనే కడ్త" అంటూ బతుకమ్మ ఆయన జవాబు కోసం ఆగకుండా పట్టీ మీద తువ్వాల చుట్టి, బలంగా లాగి ముడేసింది. గీత జారింది. నొక్కుకుపోయిన చర్మంలో రక్తం ఆగిపోయింది. తెర మీద మిగిలింది మెదడుది మాత్రమే, అది చాలా కొంచెం. కాశయ్యను నిలబెట్టారు. ఆ కొంచెం కూడా సగానికి పడింది. మనిషి తూలాడు. బతుకమ్మకు ఇది అలవాటే, అప్పటికే జబ్బ పట్టుకుని ఉంది.



"గింత మిషను పెట్టి తోలును చూసి పంపిండ్రా సారూ?" అంది బతుకమ్మ. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

ఉదయ్ భాస్కర్‌కు చచ్చేంత సిగ్గేసింది. డ్యూటీకి పనికొస్తాడని ముందే రాసి ఉంచిన కాగితాన్ని చింపేశాడు. కాశయ్యను ఈ రోజే పెద్ద దవాఖానాలో చూపించాలని వేరే కాగితం రాశాడు. పద్మప్రియ అల్మారాలోంచి తీసిన ఫైళ్లు బల్ల మీద పెట్టింది. ముప్ఫై రెండు. అన్నిటి మీదా ఒకే మాట, ఆయన అందమైన దస్తూరీలో, బ్రహ్మాండం.

వాళ్లందరినీ మళ్లీ పిలవాలి. పీకేసిన సెన్సారు ఖమ్మంలో ఏ డబ్బాలో పడుందో ఏమో.

"అమ్మా, ఆ ముడి ఎట్ల వేశారో ఇంకోసారి చూపిస్తారా?" అన్నాడు డాక్టర్ ఉదయ్ భాస్కర్, తన నుదురు ముందుకు వంచి.