పలక మీది రెండు వరుసలు

బందరు పళ్ళ డాక్టరు చిగురు చీల్చి, మూడు ముక్కలు చేస్తేగాని లీలావతి జ్ఞానదంతం బయటికి రాలేదు. రెండు కుట్లు వేసి, దూది కుక్కి, ఆమె భర్త రాజారత్నం వైపు తిరిగి, "మూడు రోజులు మాట్లాడనివ్వకండి. వేడి వద్దు, కారం వద్దు. వారానికి తీసుకురండి, కుట్లు తీస్తాను" అన్నాడు.

గుడివాడ రైల్లో కూర్చునేసరికి ఎడమ బుగ్గ బూరెలా పొంగింది.

"పెళ్ళైన పదకొండేళ్ళకి నాకు మాట్లాడే అవకాశం వచ్చింది" అన్నాడు రాజారత్నం. అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు. లీలావతి నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకుంది.

ఇంటి గుమ్మంలో అత్తగారు ధనమ్మ ఎదురొచ్చింది. "అయ్యో నా తల్లీ, ఇదేం మొహమే! ఆ డాక్టరుకి చేతులా, గునపాలా?" అంటూ చెయ్యి పట్టి లోపలికి నడిపించింది.

ధనమ్మది దివిసీమలో నాగాయలంక దగ్గరి పల్లె. ఉప్పెనలో తాటాకిల్లు కొట్టుకుపోతే, చర్చి డాబా ఎక్కి బతికిన నలుగురిలో ఆమె ఒకతె. నాలుగు రోజులుండి వెళ్తానని కొడుకు దగ్గరికి వచ్చింది. ఏడాదిన్నర దాటింది. ఈలోగా ఆ పల్లెలో కొత్త కాలనీ కట్టి, ఆమె పేర కూడా ఒక ఇల్లిచ్చి, తాళం చేతికిచ్చారు. ఆ తాళం ధనమ్మ తలగడ కింద ఉంది. ఎప్పుడు వెళ్తానని ఆమె చెప్పలేదు, వెళ్ళమని వీళ్ళూ అనలేదు.

లీలావతి చెడ్డ మనిషి కాదు. బి.ఏ. చదివింది, ఇల్లు పొందిగ్గా ఉండాలంటుంది. వంటింట్లో ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి, పేరు రాసిపెట్టుకుంది. చదువురాని ధనమ్మ ప్రతి డబ్బా మూతా తీసి వాసన చూసి, చేతికందిన చోట పెట్టేది. తెల్లవారుజామున నాలుగున్నరకే గొంతెత్తి ప్రార్థన చేసేది. ఉతికిన చీరల పక్కనే ఎండుచేపలు ఆరేసేది. ఇవేవీ పోట్లాడదగ్గవి కావు. అందుకే ఏదీ బయటికి రాలేదు, అన్నీ లోపలే పేరుకున్నాయి.

రాజారత్నం బడి నుంచి పలకా, బలపమూ తెచ్చాడు. మొదటి సాయంత్రం లీలావతి రాసినవన్నీ తల్లికి చదివి వినిపించాడు. మంచినీళ్ళు. చల్లటి పాలు. ఇంకో దిండు. చదవడం పూర్తి కాకముందే ధనమ్మ లేచి పరిగెత్తేది. ఆ పలక మీద ఏం రాసినా అది కోడలికి కావలసిన వస్తువేనని ఆమె లెక్క.

మర్నాడు రాజారత్నం బడికి వెళ్ళాడు. ధనమ్మ మంచం పక్కన పీట వేసుకుని, విసనకర్రతో విసురుతూ పొద్దున్నుంచీ కబుర్లు చెప్తూనే ఉంది. ప్రతి మాటా కుట్ల మీద గుచ్చుకున్నట్టనిపించింది లీలావతికి. అత్తగారు వంటింట్లోకి వెళ్ళాక పలక తీసుకుని, భర్త కోసం రెండు వరుసలు రాసింది: "మీ అమ్మగారు వాళ్ళింటికి ఎప్పుడు వెళ్తారు? తాళం ఇచ్చి నాలుగు నెలలైంది. ఇక నావల్ల కాదు."

పలక బోర్లించి తలగడ పక్కన పెట్టి, మాత్ర వేసుకుని పడుకుంది.

మెలకువ వచ్చేసరికి మూడు దాటింది. పలక లేదు. మంచం కిందా, కిటికీలోనూ వెతుకుతుంటే ధనమ్మ వచ్చింది. ఒక చేతిలో పలక, ఇంకో చేతిలో గ్లాసు.

"సగ్గుబియ్యం జావ కావాలని రాశావంటగా! పడుకునేముందు సైగైనా చెయ్యకూడదుటే? అబ్బాయి వచ్చేదాకా నువ్వు ఆకలితో ఉంటావేమోనని పక్కింటి రోషన్ బీ దగ్గరికి పట్టుకెళ్ళి చదివించుకొచ్చాను. ఆవిడే సగ్గుబియ్యం కూడా ఇచ్చింది. చల్లార్చి, గుడ్డలో వడగట్టాను. పలుకు తగలదు, తాగు."

పలక శుభ్రంగా తుడిచి ఉంది. బలపం మరక కూడా లేదు. లీలావతి గ్లాసు అందుకుంది. గోడవైపు తిరిగి కొంచెం కొంచెంగా తాగింది.

మూడోరోజు రోషన్ బీ పలకరించడానికి వచ్చింది. పక్కింట్లో ఉండే టైలరు కాలేషా భార్య, ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. ధనమ్మ పెరట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు విని, గొంతు తగ్గించింది.

"మీ దస్తూరీ ముత్యాల్లా ఉందండీ లీలావతిగారూ. అయినా చదవడానికి కష్టమైంది."

లీలావతి తల దించుకుంది.

"పెద్దావిడ పలక గుండెలకి హత్తుకుని వచ్చింది. 'మా కోడలు ఏం అడిగిందో చూడమ్మా' అని. ఏం చెప్పను? ఎదురుగా సగ్గుబియ్యం డబ్బా ఉంది. నోటికి అదొచ్చింది."

లీలావతి పలక మీద 'క్షమించండి' అని రాసి చూపించింది.

"నన్నెందుకండీ అడగడం?" అంది రోషన్ బీ లేస్తూ.

నాలుగోరోజుకి నోరు వేలెడంత తెరుచుకుంది, మాట వచ్చింది. 'ఇక్కడే ఉండిపోండి అత్తయ్యా' అందామని అనుకుంది. ఉన్నట్టుండి అంటే ఎందుకని అడుగుతుందేమో, ఏం చెప్పాలి? వాపు తగ్గనీ అనుకుంది. తర్వాత కుట్లు తీయనీ అనుకుంది. ఆ నాలుగు రోజులూ ధనమ్మ జావ వడగడుతూనే ఉంది, పొద్దున ప్రార్థన మాత్రం పెరట్లోకి వెళ్ళి మెల్లగా చేసుకుంది.

ఏడోరోజు కుట్లు తీయించుకుని ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి ధనమ్మ బట్టల మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది.

"నిన్ను చూసి వెళ్దామని ఆగాను. మూడున్నరకి అవనిగడ్డ బస్సుందట."

"ఇప్పుడేం తొందరమ్మా?" అన్నాడు రాజారత్నం.

"తాళం వేసిన ఇల్లు పాడైపోదూ? కోడలికి బాగయ్యేదాకానే అనుకున్నాను."

అతను మూట పట్టుకుని రిక్షా కోసం వీధి మొగదాకా వెళ్ళాడు. లీలావతి అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"ఉండండి అత్తయ్యా. వెళ్ళకండి. నిజంగా అంటున్నాను."

ధనమ్మ ఆమె బుగ్గ మీద వేలితో మెల్లగా నొక్కి చూసింది. వాపు లేదు.

"అంటున్నావులే, తెలుస్తోంది" అంది. "సగ్గుబియ్యం అని చెప్పడానికి రోషన్ బీకి ఎంతసేపు పట్టిందే! పలక వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ పలక వంక చూసింది. చెప్పీ చెప్పకముందే కొంగుతో తుడిచేసింది. నాకు అక్షరాలు రావుగాని, మనుషుల మొహాలు తెలుసమ్మా. ఏం రాశావో నాకు చెప్పొద్దు. చెప్తే అది నాతో బస్సెక్కుతుంది."

రిక్షా వచ్చింది. "ఇంకో వారం ఎడమవైపు నమలకు" అని కోడలికి చెప్పి, కొడుకు చెయ్యి ఆసరాగా ఎక్కి కూర్చుంది.

సాయంత్రం రాజారత్నం బస్టాండు నుంచి తిరిగొచ్చి, చొక్కా విప్పుకుంటూ, "హఠాత్తుగా ఇదేమిటి? నేను లేనప్పుడు అమ్మ నీతో ఏమైనా అందా?" అని అడిగాడు.

నోరు పూర్తిగా తెరుచుకుంటోంది. మాట ఎక్కడా తడబడలేదు.

"ఏమీ లేదండీ. ఇల్లు చూసుకోవాలన్నారు" అంది లీలావతి.