థామస్ అంకుల్ ప్రార్థనకు వచ్చిన దుప్పి

దుప్పి వేటకు నిశ్శబ్దం ముఖ్యం అంటాడు మా ఆయన ఏలియా. అందుకేనేమో దేవుడు ఆయనకు ఏరికోరి తెలుగువాళ్ళనే అతిథులుగా పంపిస్తాడు.

స్కాట్లండు కొండల్లో, కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేనిచోట, వేటకు వచ్చేవాళ్ళు దిగే లాడ్జి ఒకటి మేము నడుపుతున్నాం. భూమి, కొండ, దుప్పులు అన్నీ ఎస్టేటువాళ్ళవి. లండన్ పక్క వాట్‌ఫర్డ్‌లో, ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు చేసి నడుం పోగొట్టుకున్న మా ఆయన ఇక్కడికొచ్చాక నిటారుగా నడవడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఈ వానా, ఈ దోమలూ, ఈ చలీ ఏవీ పడవు. కరివేపాకు కావాలంటే అరపూట డ్రైవింగ్. వెళ్ళిపోదామని రోజూ సతాయిస్తాను. ఆయన విననట్టు తుపాకీ తుడుచుకుంటూ కూర్చుంటాడు.

2014లో సీజను మొత్తం మీద ఒక్క అతిథి కూడా దుప్పిని కొట్టలేదు. రీడింగ్ అనే ఊరి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు హాట్‌బాక్సులో బిర్యానీ తెచ్చుకుని కొండ మీద మూత తీశారు. ఆ మసాలా వాసనకు లోయలో దుప్పులన్నీ ఊరు ఖాళీ చేశాయి. డాక్టర్ రామ్మోహన్ గారైతే తను గురిపెట్టిన దుప్పి కుంటుతోందని గమనించి, దానికి మోకాలు అరిగిందనీ, స్కాన్ తీయించకుండా కాల్చడం పద్ధతి కాదనీ వాదించారు. వాదన పూర్తయ్యేసరికి దుప్పి లేదు.

ఎస్టేటు మేనేజరుకు విసుగొచ్చింది. సీజను ముగిసేలోగా ఒక్క అతిథి చేతిలోనైనా దుప్పి పడకపోతే లాడ్జి వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని చెప్పి వెళ్ళాడు. అప్పటికి మిగిలింది ఒక్క రోజు, ఒక్క అతిథి. ఆ అతిథి మా వాట్‌ఫర్డ్ తెలుగు చర్చి సంఘ పెద్ద థామస్ అంకుల్. రిటైరైన సందర్భంగా స్విండన్‌లో ఉండే అల్లుడు రాజ్ కుమార్ ఆయనకు ఈ వేటను కానుకగా ఇచ్చాడు. కోడిని కోస్తుంటే ముఖం తిప్పుకునే అంకుల్, అల్లుడి ముచ్చట కాదనలేక అతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

అతిథుల నోళ్ళు అదుపులో పెట్టడానికి మా ఆయన ఆరోజు నన్నూ కొండెక్కించాడు. నేను కళ్ళెర్రజేసేసరికి రాజ్ కుమార్ దగ్గు కూడా మింగేశాడు. తడి గడ్డిలో పాక్కుంటూ పోగా పోగా, ఎదుటి వాలు మీద పెద్ద కొమ్ముల దుప్పి కనిపించింది. అక్టోబరులో మగదుప్పులు జత కోసం బొంగురుగా అరుస్తూ ఒకదాన్నొకటి కయ్యానికి పిలుచుకుంటాయి. ఇదీ అదే పనిలో ఉంది.

మా ఆయన తుపాకీ సరిచేసి అంకుల్ చేతిలో పెట్టాడు. "ఊపిరి బిగబట్టి కాల్చండి అంకుల్."

"ప్రార్థన చెయ్యకుండానా?"

"మనసులో చేసుకోండి. అది పోద్ది."

"మనసులో చేసుకోడానికి ఇదేమన్నా టీ తాగటమా ఏలియా? ప్రాణం తీసే పని. టోపీ తియ్యి."

మా ఆయన టోపీ తీశాడు. సంఘ పెద్ద ప్రార్థన అంటే అంతే, మధ్యలో ఎవరూ కదలడానికి లేదు. అంకుల్ మెల్లగానే మొదలుపెట్టాడు. మహారాణి ఆరోగ్యం దగ్గర గొంతు లేచింది. వీసాల కోసం ఎదురుచూసే బిడ్డల దగ్గరకు వచ్చేసరికి బొంగురుపోయింది. ఎదుటి వాలు నుంచి దుప్పి బదులిచ్చింది. అంకుల్ ఇంకా గట్టిగా అందుకున్నాడు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. తన ఇలాకాలోకి వచ్చిన ఈ కొత్త మగాడెవరో తేల్చుకోవడానికి దుప్పి వాలు దిగి మా వైపు వస్తోంది.

"ఈ ఏలియాకు ఒక దుప్పిని దయచెయ్యి తండ్రీ" అని అంకుల్ అరిచేసరికి అది మా ముందే ఉంది. దాని ఊపిరి నా ముఖానికి తగిలింది. తుపాకీ మీద అంకుల్ జోడించిన చేతులున్నాయి. మా ఆయన పెదవి కొరుక్కుంటూ ఆమెన్ కోసం కాచుకున్నాడు.

ఆమెన్ అయింది. అంకుల్ కళ్ళు తెరిచి దుప్పిని చూశాడు. చాలాసేపు చూసి తుపాకీ పక్కన పెట్టాడు.

"మన సంఘంలో సగం మంది ఆరాధన చివర దీవెన కాకముందే కారు తీస్తారు. ఇది ఆమెన్ దాకా నిలబడింది. దీన్నెట్టా కాల్చమంటావయ్యా?"

అంకుల్‌కు కొమ్ములు లేవని చూసుకుని దుప్పి చిరాగ్గా వెళ్ళిపోయింది.

లాడ్జికి రాగానే మా ఆయన అట్టపెట్టె తెచ్చి సామాను సర్దడం మొదలుపెట్టాడు. నేను కోరుకున్నదే జరిగింది. సంతోషించాల్సిందాన్ని. కానీ ఇక్కడికొచ్చి నిటారైన ఆ నడుం మళ్ళీ పెట్టె మీదకు వంగితే చూడలేకపోయాను.

మేనేజరు వచ్చాడు. కింద దారి మీద నుంచి బైనాక్యులర్స్‌లో అంతా చూశాడట. దుప్పిని అంత దగ్గరికి పిలిచిన మనిషిని తన సర్వీసులో చూడలేదనీ, కెమెరాలు పట్టుకుని జనం క్యూ కడతారనీ, ఇక తుపాకీతో పనే లేదనీ అన్నాడు. లాడ్జి తీసుకోమని అంకుల్‌ను అడిగాడు.

మా ఆయన సర్దుతూనే, "తీసుకోండి అంకుల్, మంచి చోటు" అన్నాడు.

"దేవుణ్ణి అడిగి చెబుతా" అని అంకుల్ అక్కడే కళ్ళు మూసుకున్నాడు. ఏం జరుగుతోందో తెలియక మేనేజరు కూడా టోపీ తీశాడు. కొండలు, స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి జీవితం అంటూ అంకుల్ ప్రార్థన సాగుతోంది. దేవుడి చిత్తం ఎటు వాలుతోందో నాకు అర్థమవుతూనే ఉంది.

"ఆమెన్" అన్నాను గట్టిగా.

అంకుల్ కళ్ళు తెరిచాడు. "ఇంకా అవలేదమ్మా."

"అయిపోయిందంకుల్. ఈ లాడ్జి మాది. మీరు ఏటా అక్టోబరులో వచ్చి ఆ కొండ మీద ఎంతసేపైనా ప్రార్థన చేసుకోండి. ఈయన కొండెక్కిస్తాడు. నేను వండిపెడతా. ఆ సంగతి ఆ మేనేజరుకు చెప్పండి."

అంకుల్ నన్ను తేరిపార చూశాడు. తర్వాత మేనేజరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు కాస్త ఆలోచించి సరేనన్నాడు.

మా ఆయన చేతిలో బూట్లు అలాగే ఉండిపోయాయి. "ఉండిపోదామంటావా సుగుణా?"

"ముందు ఆ తడి బూట్లు పొయ్యి దగ్గర పెట్టండి" అని కసిరాను. ఇంకో ముక్క మాట్లాడితే ఏడ్చేసేదాన్ని.