ఆ ఊళ్ళో అన్నం ఉడకదు

శుక్రవారం పొద్దున్న జ్యోతిలక్ష్మి ఎనిమిదిమందికి సరిపడా బియ్యం కడుగుతోంది. మూడోసారి కడుగునీళ్ళు వంపేసి, మంచినీళ్ళు పోసి, గిన్నె గట్టుమీద పెట్టింది. వారంలో ఆరు రోజులు కువైట్‌లోని జాబ్రియాలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటే ఏడోరోజు సెలవు. సెలవంటే భర్త భీమరాజు స్నేహితులు బ్నీద్ అల్ గార్‌లోని ఈ రెండు గదుల ఫ్లాటుకి భోజనానికి రావడం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. "శుక్రవారమొస్తే మా ఇల్లు కళకళ్ళాడిపోద్దండి" అంటాడాయన ఎవరితోనైనా. ఆ కళంతా అయ్యాక అంట్లు ఎవరు తోముతారో ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఈవేళ వాళ్ళు భోజనంతో పాటు కబుర్ల కోసం కూడా వచ్చారు. భీమరాజుగారు దక్షిణ అమెరికా వెళ్ళొచ్చారు మరి. కిందటేడు వాళ్ళలో ఒకడైన సూర్యకిరణ్ పెళ్ళాంపిల్లలతో బాకూ వెళ్ళొచ్చి ఫోటోలు చూపించినప్పటినుంచి భీమరాజుకి కంటిమీద కునుకు లేదు. కువైట్‌లో మనవాళ్ళెవరూ కాలుపెట్టని చోటికి వెళ్ళాలని పంతం పట్టి, బొలీవియా దేశంలో పన్నెండు వేల అడుగుల ఎత్తున కొండల మధ్య ఉన్న లా పాజ్ నగరాన్ని వెతికి పట్టుకున్నాడు. పాతికేళ్ళ పెళ్ళిరోజు అక్కడే అన్నాడు. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే సముద్రం ఉన్న ఊరేదైనా చాలనేది.

"తీగల మీద అద్దాల పెట్టెలు ఎల్తాయి తమ్ముడూ, ఊరంతా కాళ్ళ కిందే!" హాల్లోంచి భీమరాజు గొంతు వినిపిస్తోంది. "మీ వదిన ఒకటే వణుకు. చెయ్యి పట్టుకుని నేనే ఎక్కించేను."

కూర కలుపుతున్న జ్యోతిలక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. ఎక్కించాడా? ఎవరు?

లా పాజ్‌లో దిగిన గంటకే హోటల్ ముందున్న ఎత్తులో రెండు సామాను పెట్టెలూ ఆయనే మోశాడు. మెల్లగా ఎక్కమని డ్రైవరు సైగ చేస్తే, "కువైట్ ఎండలో నిలబడ్డ ఒళ్ళిది" అన్నాడు. మధ్యాహ్నానికి తలకి తువ్వాలు బిగించి, బకెట్టు పక్కన పెట్టుకుని మంచమెక్కాడు. డాక్టరొచ్చి చూసి, ఈ ఎత్తులో గాలి పలచన, మూడు రోజులు కదలొద్దన్నాడు. ఆవిడకి మాత్రం చిన్న తలనొప్పితో సరిపోయింది. పాతికేళ్ళుగా సంచులు మోస్తూ ఆయన వెనక మెల్లగా నడవడం అలవాటైన మనిషి, ఆ ఊళ్ళో ఎలా నడవమన్నారో అలాగే నడిచింది.

సాయంత్రానికి ఆయనకి చారన్నం మీదకి మనసు పోయింది. పోతుందని ఆవిడకి ముందే తెలుసు. ఆయన స్వెట్టర్లలో చుట్టి కరెంటు కుక్కరు, అయిదు కిలోల సోనా మసూరి, అత్తగారు సూరాయమ్మ పంపిన చారుపొడి మోసుకెళ్ళింది. తనకోసం రెండో స్వెట్టరుకి పెట్టెలో చోటు లేకపోయింది. కుక్కర్లో బియ్యం పోసింది. నీళ్ళు చిటికెలో తెర్లాయి, మీట పడింది, మూత తీస్తే పలుకు. ఇంకాసిని నీళ్ళు పోసింది, పలుకే. మూడోసారి పైన జావ, లోపల సుద్ద. ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని పళ్ళెం తోసేశాడు.

"పాతికేళ్ళయ్యింది, అన్నం వండటం రాలేదు నీకు. మా అమ్మ ఊరికే అందా?"

ఊరికే అనలేదు. పెళ్ళయిన నాలుగోరోజున, పదిహేనుమంది బంధువుల ముందు, విస్తట్లో మెతుకు చిదిమి చూసి మరీ అంది. "పలుకన్నం వండే చేతికి కాపురం అబ్బదు." అవేళ వానకి తడిసిన పుల్లలు ఎంత ఊదినా అంటుకోలేదని ఎవరికి చెప్పుకుంటుంది? పంతొమ్మిదేళ్ళ పిల్ల. తన చేతిలోనే ఏదో లోపం ఉందని నమ్మేసింది. అప్పటినుంచీ ఏ పూట అన్నం మూత తీసినా గుండె దడే. మెత్తనైతే "ముద్ద" అన్నారు, పొడైతే "పలుకు" అన్నారు. బాగా కుదిరిన రోజున ఎవరూ ఏమీ అనలేదు. మాట పడని రోజే మెప్పనుకుని బతికింది.

ఆ పళ్ళెం పట్టుకుని కిందకి దిగితే హోటల్ నడిపే పెద్దావిడ ఎదురైంది. రెండు జడలు, భుజాన ఎర్ర దుప్పటి. జ్యోతిలక్ష్మి కళ్ళూ చూసింది, పళ్ళెమూ చూసింది. ఒక మెతుకు నోట్లో వేసుకుని పకపకా నవ్వింది. ఫోన్ తీసి తన భాషలో ఏదో చెబితే, ఫోన్ దాన్ని తెలుగులో చదివింది. ఈ ఎత్తులో నీళ్ళు సరిగా వేడెక్కకుండానే మరిగిపోతాయి, ప్రెషర్ కుక్కర్ లేకపోతే మా అమ్మమ్మకైనా అన్నం కుదరదు, ఇది నీ చెయ్యి కాదు, మా ఊరు.

నీ చెయ్యి కాదు. ఆ మాట మళ్ళీ చదివించుకుంది. మెట్లమీద కూలబడి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, నవ్వలేక ఆయాసపడింది. నెత్తిమీద పాతికేళ్ళ మూట దించేసినట్టు మెడ తేలికైపోయింది. తడిపుల్లల తప్పు తడిపుల్లలదే. ఊరి తప్పు ఊరిదే. మరి తన తప్పేమిటి? ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

కుక్కరు తుడిచి పెట్టెలో పెట్టేసింది. ఆయనకి హోటల్ సూపూ రొట్టే ఏర్పాటు చేసి, మర్నాడు పొద్దున్నే బయటపడింది. ఏం వండాలన్న ఆలోచన లేకుండా తెల్లవారిన రోజు, తన పెళ్ళయ్యాక అదే మొదటిది. టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు సంతలో ఊదారంగువీ నల్లవీ బంగాళాదుంపలు రాశులు పోశారు. ఉడికించిన దుంపలు ఉప్పద్దుకుని, బల్లమీద కూర్చుని ఒక్కతే తింది. వేడివేడిగా తింది. అందరికంటే ముందు తింది! అద్దాల పెట్టె ఎక్కుతుంటే కాళ్ళు వణికిన మాట నిజమే. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. పైనుంచి ఇళ్ళూ, ఆరేసిన బట్టలూ, దూరాన మంచుకొండా కనిపిస్తుంటే, ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో తనకి అక్కర్లేదన్నంత హాయనిపించింది. మూడు రోజులు అలా తిరిగింది. ఫోటోలు మాత్రం మంచంమీది మనిషికి పంపింది, పాపం చూస్తాడని. ఆయన వాటిని ఎప్పటికప్పుడు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

"అన్నా, ఇన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ మీరు లేరేంటండి?" హాల్లో సూర్యకిరణ్ అడుగుతున్నాడు.

"తీసింది నేనే కదరా!"

"మరి అద్దంలో ఫోన్ పట్టుకుని వదినగారు కనపడతన్నారే?"

జ్యోతిలక్ష్మి స్టవ్ కట్టేసింది. కొంగుకి చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి "ఇంకేమైనా కావాలాండీ" అని అడిగే మనిషి, సోఫాలో ఖాళీ చూసుకుని కూర్చుంది.

"అద్దంలో ఉన్నది నేనేనండి. తీసిందీ నేనే. మీ అన్నయ్యగారు ఆ మూడు రోజులూ తలకి తువ్వాలు కట్టుకుని పడుకునున్నారు. పాపం, ఆయన తప్పేం లేదు. ఊరి గాలి అలాంటిది."

ఎవరో ముసిముసిగా నవ్వారు. భీమరాజు మొహం కందగడ్డైంది. "చాల్లే సంబడం. ఆకలవుతోంది అందరికీ. ముందెళ్ళి అన్నం చూడు" అన్నాడు.

లేవబోయింది. నిజంగానే, అలవాటుకొద్దీ మోకాళ్ళు లేచాయి. వాటిని మళ్ళీ కూర్చోబెట్టింది.

"బియ్యం కడిగి పెట్టేనండి. కుక్కర్లో పోసి, కొలతకి నీళ్ళు పెట్టి మీట నొక్కండి. ఇది లా పాజ్ కాదు, కువైట్. ఇక్కడ నీళ్ళు బాగానే కాగుతాయి, ఎవరు వండినా ఉడుకుద్ది" అని, సూర్యకిరణ్ చేతిలోంచి ఫోన్ అందుకుని అందులో మొదటి ఫోటో తెరిచింది. "ఇదిగో, ఇది రెండోరోజు పొద్దున్న."