లైను ఖాళీగా ఉన్న సాయంత్రాలు

మా ఇంట్లో ఫోను లైను మీద నెట్టు కలవాలంటే ముందు మోడెం ఏడవాలి. కుయ్యోమని మొదలుపెట్టి, గరగరమని గొంతు సవరించుకుని, చివరికి మనకేదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు కలిసేది. కలిశాక నేను బడిపుస్తకాల పేజీలు ప్రెస్సుకు పంపాలి. ఇంట్లో కూర్చుని కంప్యూటరులో ఆ పేజీలు పేర్చడమే నా పని. ఫైలు ముప్పాతిక వంతు వెళ్లేసరికి లైను పుటుక్కున తెగేది. మళ్లీ మొదటినుంచి. నాకసలే ముక్కు మీద కోపం. టెలిఫోను ఆఫీసుకు చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. లైన్‌మాన్ వచ్చి తీగలన్నీ తడిమి చూసి, "లైను బంగారంలా ఉందండీ" అని వెళ్లిపోయాడు. బంగారమట!

ఒక సాయంత్రం ఫైలు వెళుతుండగా మంచినీళ్లకని లేచాను. అత్తగారి మంచం పక్కన అదే లైనుకు కలిపిన రెండో ఫోను ఉంది. ఆవిడ రిసీవరు ఎత్తి, చెవికి ఆనించుకుని, మొహం చిట్లించి మెల్లగా పెట్టేశారు. నా గదిలో కంప్యూటరు, కనెక్షన్ పోయిందని టింగుమంది.

"అత్తయ్యా! ఇన్నాళ్లూ మీరా?"

"నేనేం చేశానే? ఫోను పనిచేస్తోందో లేదోనని చూస్తున్నా. ఎప్పుడెత్తినా ఒకటే రొద. ఇలా ఉంటే మా తమ్ముడు చేసినా మోగుతుందా?"

నాలుక చివరిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. తమ్ముడి సంగతి నాకు తెలుసు. ఆయన ఆపరేషన్ చేయించుకుని, ఇంటికొచ్చాక గానీ అక్కకు చెప్పలేదు. ఈవిడ ఫోనులోనే దులిపేశారు. ఆయనకూ ఒళ్లు మండి, "నేను చేసేదాకా నువ్వు చెయ్యకు" అని పెట్టేశారు. తల్లిలేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క. ఆ గొడవనుంచీ ఈవిడ ఆ ఒక్క మాట పట్టుకుని కూర్చున్నారు. అన్నం తింటున్నా, టీవీ చూస్తున్నా ఒక చెవి ఫోను మీదే.

పక్కన కూర్చుని విడమరిచి చెప్పాను. ఆ రొద నా నెట్టుదని, అది నడుస్తున్నంతసేపూ బయటివాళ్లకు ఎంగేజ్ వస్తుందని, మధ్యలో రిసీవరు ఎత్తితే నా పని తెగిపోతుందని. ఆవిడ మొహం విప్పారింది.

"అయితే వాడు చేస్తూనే ఉన్నాడన్నమాట! నీ గోల వల్ల కలవట్లేదు."

"అంతే అయ్యుంటుంది అత్తయ్యా."

నిజంగానే సిగ్గేసింది. మర్నాటినుంచి సాయంత్రాలు లైను ముట్టుకోలేదు. పేజీలు డిస్కులో వేసుకుని, బస్సెక్కి, ప్రెస్సుకు వెళ్లి ఇచ్చి వచ్చేదాన్ని. "నీకింత ఓపిక ఎక్కడిది?" అని మావారు వేళాకోళం చేశారు.

ఫోను మోగలేదు. ఒకసారి పొద్దున్న మోగితే అత్తగారు పెరట్లోంచి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తారు. రాంగ్ నంబరు. రోజురోజుకీ ఆవిడ మాట తగ్గిపోయింది. రొద ఉన్నన్నాళ్లూ తప్పు లైనుది. ఇప్పుడు లైను శుభ్రంగా, ఖాళీగా ఉంది. తప్పు మొయ్యడానికి తమ్ముడు తప్ప ఎవరూ మిగల్లేదు. మంచి చెయ్యబోయి, ఆవిడకున్న కాస్త ఆసరా నేనే లాగేశాను. అది తలుచుకుంటే ప్రాణం ఉసూరుమనేది.

వారం గడిచాక ఆవిడే నన్ను పిలిచారు.

"వాడి నంబరు నొక్కవే. నాకు ఆ అంకెలు ఆనవు."

"చెయ్యొద్దన్నారు కదా అత్తయ్యా?"

"వాడు చిన్నవాడు, అన్నాడు. నేనూ వాడితో సమానంగా పంతం పట్టనా?"

నొక్కి ఇచ్చాను. గది చిన్నది, ఆయన గొంతు పెద్దది. అంతా వినపడింది.

"అక్కా! ఏం ఫోనే మీది? వారం నుంచి రోజూ సాయంత్రం చేస్తున్నా. ఎప్పుడు చూసినా ఎంగేజే!"

నేను ఉలిక్కిపడ్డాను. వారం నుంచి ప్రతి సాయంత్రం లైను ఖాళీగానే ఉంది. ఆ ఫోను పక్కన కదలకుండా కూర్చున్నది ఆవిడే. అత్తగారు పైటచెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"అవున్రా నాయనా, నాకు తెలుసు. మా కోడలికి పొద్దస్తమానం కంప్యూటరే. చెబితే వినదు. ఇంతకీ నీ కుట్లు మానాయా?"

"మానాయిలే. ముందు ఆ అమ్మాయిని నాలుగు చీవాట్లు పెట్టు. అక్కాతమ్ముళ్లు మాట్లాడుకోడానికి కూడా లేదా?"

"బాగా గడ్డి పెడతాలే" అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండా.

"తప్పు నాదే బాబాయిగారూ! ఇంకెప్పుడూ చెయ్యను" అని రిసీవరులోకి వినపడేలా కేకేశాను.

అత్తగారు ఖాళీగా ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. మాట్లాడుతున్నంతసేపూ వదల్లేదు.