రెండో గొంతు

రాయి మీద రూపాయి బిళ్ల పడ్డట్టు — టింగ్.

కాసేపు ఏమీ లేదు.

ఊట అవతలి ఒడ్డు నుంచి బదులు — టింగ్.

మహదేవపూర్ అవతలి గుట్టల్లో, ఎండాకాలంలోనూ నీడ వీడని లోయ. బొటనవేలంత కప్పలు. పండిన నిమ్మకాయ రంగు. ఒకప్పుడు ప్రతి వాగులోనూ పలికేవట. ఇప్పుడు ఈ ఊటలోనే. ఈ రెండు గొంతులే.

ఫకీర్ అహ్మద్ ఒకదాన్ని తడి రుమాలులో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు.

తొర్రూరులో అతనిది విత్తనాల దుకాణం. వాన పడకపోతే పత్తి గింజ కదలదు. నెల్లికుదురు దగ్గరి తండాలో ఆడవాళ్లు వాన కోసం కప్పతల్లి ఆడదామనుకున్నారు. రోకలికి కప్పను కట్టాలి. వేపరెమ్మలు చుట్టాలి. ఇంటింటా నీళ్లు పోయించాలి. కానీ చెరువు ఎండింది. చుట్టుపక్కల ఎక్కడా కప్పే లేదు.

లేని సరుకు తెచ్చివ్వడమే వ్యాపారం. తెచ్చాడు.

ముసలి మంగ్లీ డబ్బా మూత తీసింది.

"గిదేంది సేటూ, పసుపు పూసి తెచ్చినవా?"

ఆడవాళ్లు పకపక నవ్వారు. మంగ్లీ నవ్వలేదు.

"దీని జోడి ఏది?"

"ఆడనే ఉన్నది అవ్వా."

"మరి గది ఎవల్ని పిలుస్తది?"

ఫకీర్ అహ్మద్‌కు లాభం తెలుసు. నష్టం తెలుసు. ఇది ఏ వైపు రాయాలో తెలియలేదు.

రోకలికి కట్టారు. గడప గడపకూ తిరిగారు. పోసిన నీళ్లు పోసినట్టే నేల తాగేసింది. మధ్యాహ్నానికి కప్ప ఒంటి పసుపు రంగు మాసిపోయింది. గొంతు కింద చర్మం మెల్లగా... చాలా మెల్లగా ఆడుతోంది. ఒక్కసారీ పలకలేదు.

ఫకీర్ అహ్మద్ ముడి మీద చెయ్యి వేశాడు.

"వాన పడేదాంక ఇప్పకు," అన్నాడు తండా పెద్ద భోజ్యా. "ఇప్పినంక వాన రాకుంటె నిన్నే అంటం. గీ తండల ఒక్కడు నీ గింజ కొనడు."

కొనడు. నిజమే.

ముడి విప్పాడు.

మళ్లీ డబ్బా. మళ్లీ రుమాలు. దారి పొడుగునా బండి ఆపడం, తడపడం, మూత తీసి చూడడం. భూపాలపల్లి దాటేసరికి మబ్బు కమ్మింది. అతను పైకి చూడలేదు.

కప్పను ఊట పక్కన రాయి మీద పెట్టాడు. కదల్లేదు.

అవతలి ఒడ్డు నుంచి — టింగ్.

కప్ప గొంతు కింద చర్మం ఉబ్బుతోంది... ఉబ్బుతోంది...

అప్పుడే వాన.

ఆకుల మీద. రాళ్ల మీద. అతని వీపు మీద. మూడు మండలాల రైతులతో పాటు అతనూ ఎదురుచూసిన వాన. లోయ నిండా దాని చప్పుడే.

ఫకీర్ అహ్మద్ మోకాళ్ల మీద కూలబడి, కప్ప పక్కనే రాయికి చెవి ఆనించాడు.

"ఆగు," అన్నాడు వానతో. "జర ఆగు..."