పెద్దులు నడిపిన ముస్సో

లింబాద్రి దగ్గర ముస్సో బండి మాట ఎత్తకూడదు. ఎత్తినవాడి టీ చల్లారిపోవాల్సిందే. ఒమాన్‌లోని మబేలాలో షెడ్ల వరుస పొడుగునా జపాన్ బండ్లు బాగుచేసేవాళ్లే ఉంటే, తనొక్కడే కొరియా బండిని పట్టుకుని పదేళ్లుగా వేలాడుతున్నాడు. దాని చరిత్ర అతనికి మేనమామ వంశంలా నోటికి వచ్చు. తొంభై మూడులో పుట్టిందట. ముస్సో అంటే వాళ్ల భాషలో ఖడ్గమృగమట. ఒళ్లు కొరియాదే గాని ఐదు సిలిండర్ల డీజిల్ ఇంజన్ మాత్రం జర్మనీ వాళ్ల పద్ధతిలో చేసిందట. కంపెనీ ఒకసారి అప్పుల్లో పడి చేతులు మారిందట, మళ్లీ చైనా వాళ్ల చేతికి పోయిందట. రెండు వేల రెండులో వెనక భాగం తీసేసి తొట్టి పెట్టి పికప్ చేస్తే, ఇది కారా ట్రక్కా తేల్చలేక అక్కడి పన్నుల వాళ్లే తల పట్టుకున్నారట. ఇదంతా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, రెండు వేల ఐదులో తయారీ ఆపేశారనేవాడు, ఇంట్లో మనిషి పోయినట్టు.

మనిషి మంచివాడే. భీంగల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, చూసి నేర్చుకుని మేస్త్రీ అయ్యాడు. కాకపోతే తన పనితనం గురించి నలుగురూ వినాలన్న యావ ఒకటుంది. మంచివాళ్లకు ఇలాంటి చిన్న చిన్న యావలే కొంప ముంచుతాయి.

అతని బామ్మర్ది పెద్దులు. భార్య సంగీతకు ఒక్కగానొక్క తమ్ముడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. బడికి పొమ్మంటే చెరుకు బండి ఎక్కేవాడు, వడ్రంగం నేర్చుకోమంటే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. అత్త శాంతవ్వ బీడీలు చుడుతూనే కొడుకును తిట్టేది, తిడుతూనే వాడికి కంచంలో ఇంకో ముద్ద వేసేది. "నీ కండ్ల ముందల ఉంటేనన్న బాగుపడ్తడు, తీస్కపో బిడ్డా" అని ఆమె అల్లుడి చేతులు పట్టుకుంటే, లింబాద్రి వీసా తీసి పిలిపించాడు. ఒక కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్ పని ఇప్పించాడు. అదృష్టమో మరేమో, వాడికిచ్చింది ముస్సో పికప్పే.

వాడు ఇక్కడా అంతే. మండుటెండలో ఏసీ వేసి, అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయట పెట్టి నడిపేవాడు. అద్దం ఎత్తురా అంటే నవ్వేవాడు. ఎక్కడైనా మూడో గేరే, వాడికి రెండో గేరు ఒకటుందని గుర్తే ఉండదు. "నీకు చెప్పుడూ, చెవిటోని ముందల శంఖం ఊదుడూ ఒక్కటే" అని లింబాద్రి విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ప్రతి శుక్రవారం వాడి బండి కింద దూరి గ్రీజు పెట్టేవాడు.

రెండు వేల ఏడు జూన్‌లో గోను తుఫాను వచ్చింది. ఎండ తప్ప మరొకటి తెలియని ఊరి మీద ఆకాశం విరిగి పడింది. ఆ మధ్యాహ్నం షెడ్డులోని బండ్లన్నీ ఎత్తు మీదికి తోసి, తడిసిన బట్టలతో అందరూ ఒక మూల చేరారు. పక్క షెడ్డు నిజాముద్దీన్‌ది జగిత్యాల. జపాన్ బండ్ల మేస్త్రీ. నాలుక కొంచెం చురుకు.

"అన్నా, మీ ముస్సోకు తల్లి సచ్చిపాయె గద. ఇగ ఈ అనాథ పిల్లలను ఎన్నొద్దులు సాదుతవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. లింబాద్రికి ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెద్దులు.

"బావా, అల్ హైల్ కాడ వాదీల ఉన్న. నీళ్లొస్తున్నయి. అవుతల సైట్ల ఆరుగురున్నరు, రేకులు లేచిపోయినయట. ఫోర్మన్ తోల్కరమ్మన్నడు. టైరు మీదికి ఉన్నయి నీళ్లు. దాటాల్నా, మర్లాల్నా?"

వాదీ అంటే వానొచ్చినప్పుడు మాత్రమే పారే ఎండు వాగు. ఆ దేశంలో రోడ్లు చాలా చోట్ల దాని మీదుగానే పోతాయి. ఏ మేస్త్రీ అయినా మరలిపోరా అనాలి. ఏ బావ అయినా అనాలి. లింబాద్రి నిజాముద్దీన్ వైపు చూశాడు. గొంతు పెంచాడు.

"అరే, అది ముస్సో. డీజిలు, నీళ్లకు ఆగేది కాదు. ఫోర్ వీల్‌ను 'లో' మీద పెట్టు, నాలుగు చక్రాలు నిమ్మలంగ లాగుతయి. సెకండ్ గేర్ల ఎయ్యి, మళ్ల మార్చకు. అద్దాలన్నీ ఎత్తుకో, నీళ్లు లోపటికి రావు. నడుమల ఆగకు, కాలు తియ్యకు. దాటుతది పో."

"సరే బావా" అన్నాడు పెద్దులు. వాడి నోటి నుంచి ఆ మాట అంత తేలిగ్గా రావడం అదే మొదలు. లింబాద్రి అది గమనించలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, చూశారా అన్నట్టు చుట్టూ చూశాడు.

బండి మర్నాడు రెండు కిలోమీటర్ల దిగువన దొరికింది, పక్కకు ఒరిగి. పెద్దులు లోపలే ఉన్నాడు. అవతలి ఆరుగురూ గుట్టెక్కి బతికారు. శవం ఊరు చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. తుఫాను తర్వాత షెడ్డు నిండా మునిగిన బండ్లే. ఆగస్టులో సెలవిస్తానని అర్బాబ్ చెప్పాడు. ఆ యజమాని మంచివాడే, టికెట్ కూడా తనే తీశాడు. దినాలు బావ లేకుండానే జరిగాయి.

దినాలైన మర్నాడు, తల్లి దగ్గరే ఉంటున్న సంగీత ఫోన్‌లో అంది: "ఊరంత ఒక్కటే మాట. మొండోడు, ఎవలు చెప్పినా ఇనడు, గందుకే సచ్చిండంటున్నరు. అమ్మ గూడ గదే అనుకుంట ఏడుస్తున్నది. బండి నీ కాడికే వస్తదంటివి గద. జర మంచిగ చూసి చెప్పు, వాడు ఏం తప్పు చేసిండో."

చూస్తానన్నాడు. ఆ ఫోన్ సంగతి మాత్రం చెప్పలేదు.

అప్పటి నుంచి లింబాద్రికి ఒకటే ఆశ. ఎంత నీచమైన ఆశో అతనికే తెలుసు. వాడు తన మాట వినకుండా ఉండాలి. పుట్టిన దగ్గర్నుంచి ఎవరి మాటా విననివాడు, చివరికి ఆ ఒక్కరోజు మాత్రం ఎందుకు వింటాడు? మూడో గేర్లో దూకించి ఉంటాడు. నడుమ ఆపి ఉంటాడు. అద్దం దించే ఉంటాడు. ఏదో ఒకటి చేసి ఉంటాడు. రోజూ పని చేస్తూ ఇవే లెక్క వేసుకునేవాడు. రూమ్‌లో అన్నం ముందు కూర్చుని కూడా ఇవే.

జులైలో పోలీసు యార్డు నుంచి బండిని లారీ మీదికెక్కించి తెచ్చి షెడ్డు ముందు దించారు. పనికొచ్చే సామాను విప్పమని అర్బాబ్ చెప్పాడు. ముస్సో సామాను దొరకడం కష్టమవుతోంది కదా మరి. పెద్దులును బయటికి తీయడానికి పగలగొట్టిన అద్దం ఒకటి, కుడి పక్కది, ఖాళీగా ఉంది. మిగతా మూడూ బురద పట్టి పైదాకా ఎత్తి ఉన్నాయి. మోచెయ్యి పెట్టే అద్దం కూడా.

లింబాద్రి చాలాసేపు ఆ అద్దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కరెంటుతో నడిచే అద్దాలు. నీళ్లు ఎక్కాక అవి దిగవు. అది తనకు తెలుసు, ఆ రోజూ తెలుసు.

తలుపు తీసి లోపలికి వంగాడు. గేరు రాడ్ బురదలో కూరుకుపోయి ఉంది. పట్టుకుని కదిపాడు. రెండో గేరు. పక్కన ఫోర్ వీల్ తిప్పుడు మీట 'లో' మీద ఉంది. తాళం ఆన్‌లో ఉంది.

"చాలన్నా. ఇడిసిపెట్టు, నేను ఇప్పుత" అన్నాడు నిజాముద్దీన్ వెనక నుంచి.

వినలేదు. ఇంకొక్కటి మిగిలి ఉంది. నడుమ ఇంజన్ ఆగిపోయి ఉంటే అది బండి తప్పు, లేదా వాడు కాలు తీసిన తప్పు. తిరుగుతున్న ఇంజన్ నీళ్లు మింగితే లోపలి పిస్టన్ రాడ్డు వంగుతుంది. ముందే ఆగిన ఇంజన్‌లో అది నిటారుగా ఉంటుంది. సాయంత్రం దాకా కూర్చుని ఇంజన్ విప్పాడు. పదేళ్లలో ఎన్ని విప్పాడో లెక్క లేదు. ఐదు రాడ్లూ బల్ల మీద పరిచాడు. మూడు వంగి ఉన్నాయి.

అంటే ఇంజన్ ఆగలేదు. నీళ్లు బండిని రోడ్డు మీద నుంచి ఎత్తి, తిప్పి, పూర్తిగా ముంచే దాకా తిరుగుతూనే ఉంది. ముస్సో గురించి అతను చెప్పిందాంట్లో అక్షరం అబద్ధం లేదు. పెద్దులు కాలు తియ్యలేదు. ఆగలేదు. గేరు మార్చలేదు. వాగు ఇంజన్‌ను ఆపాలని చూడలేదు, బండిని పట్టుకుపోయింది. ఆ సంగతి పదేళ్ల మేస్త్రీ బుర్రకు ఆ మధ్యాహ్నం తట్టలేదు, ఎందుకంటే నలుగురు వింటున్నారు.

నిజాముద్దీన్ పక్కన కూర్చున్నాడు. "ఆ రోజు ఫోన్ల నువ్వేం చెప్పినవో నేను ఇనలే అన్నా. వాన చప్పుడుండె" అన్నాడు. విన్నాడని ఇద్దరికీ తెలుసు.

మరుసటి శుక్రవారం సంగీతకు ఫోన్ చేశాడు. అబద్ధం సిద్ధం చేసుకునే చేశాడు. వాడే తొందరపడ్డాడని చెప్పొచ్చు, ఊరంతా నమ్ముతున్నదే అది. కాని సంగీత, "చూసినవా?" అని అడిగేసరికి నోరు తిరగలేదు.

"చూసిన. ఏం తప్పు చెయ్యలే వాడు."

"మరి?"

"నేను చెప్పినట్టే చేసిండు."

"నువ్వేం చెప్పినవ్?" అంది.

చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. నిజాముద్దీన్ ఎగతాళి చేయడం, తను గొంతు పెంచడం, వాడు సరే బావా అనడం, అంతా చెప్పాడు. వెనక నుంచి శాంతవ్వ గొంతు వినిపించింది. "ఏమంటున్నడే? ఏం తేలిందట?"

సంగీత ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "బండే ఖరాబైందటమ్మా. నడుమల ఆగిపోయిందట. తమ్ముని తప్పేం లేదట" అంది తల్లితో. ముసలామె ఏడుపు మొదలుపెట్టింది, కాని అది వేరే ఏడుపు. కొడుకు మొండితనంతో చావలేదన్న ఊరట ఉంది అందులో. పదేళ్లుగా మెచ్చుకున్న బండి మీద నింద పడటం విని లింబాద్రి కిమ్మనలేదు. ఇంకెంత పెద్ద నిందయినా వేసుకోనీ అనుకున్నాడు.

సంగీత ఇంటి బయటికి నడిచినట్టుంది. ఏడుపు దూరమైంది.

"అమ్మకు చెప్ప, ఎన్నడు చెప్ప" అంది. "గని నువ్వు ఈడికి రాకు. అమ్మ నీ చేతులు పట్టుకుంటది. నా కొడుకును కండ్ల ముందల పెట్టుకున్నవు బిడ్డా అంటది. అది నేను చూడలేను. అమ్మ బతికున్నన్ని దినాలు రాకు."

తిట్టలేదు, శపించలేదు. అది ఆమెకు చేతకాదు. పెళ్లయి తొమ్మిదేళ్లు, కలిసి ఉన్నది పట్టుమని పది నెలలు. ఆగస్టు టికెట్ వెనక్కి ఇచ్చేస్తే, పిచ్చోడా అన్నట్టు చూశాడు అర్బాబ్.

రెండేళ్లు గడిచాయి. రెండు వేల తొమ్మిదిలో కొరియాలో ఆ కంపెనీ అప్పులు తీర్చలేక కోర్టుకెక్కింది. ఆ ఎండాకాలమంతా కార్మికులు ఫ్యాక్టరీలోనే కూర్చుని సమ్మె చేశారని నిజాముద్దీన్ పేపర్లో చదివి చెప్పాడు. ఎగతాళి చేయలేదు. లింబాద్రి విని, ఊ అన్నాడు. ముస్సో చరిత్ర అడిగినా ఇప్పుడు ఎవరికీ చెప్పడు. మబేలాలో నెలకు రెండో మూడో వస్తాయి అవి, ముసలి ఒమానీలవి. ఇది వాదీ దాటుతుందా అని ఎవరైనా అడిగితే, నీళ్లు తగ్గేదాకా ఇంట్లో ఉండమంటాడు. షెడ్డులో మిగతావాళ్లు ఏడాదికోసారి ఊరికి పోయొస్తారు, అతను పోడు. కారణం అడిగితే పని అంటాడు, పని లేకున్నా.

నెలకోసారి సంగీతకు ఫోన్ చేస్తాడు. వానలు, పసుపు ధర, రేషన్ కార్డు, ఇలాంటివే మాట్లాడుకుంటారు. చివర్లో ఎప్పుడూ ఒక మాట అడుగుతాడు. ఈసారీ అడిగాడు.

"అత్త మంచిగున్నదా?"

మొదట్లో అది మర్యాదకు అడిగిన మాటే. ఎప్పటి నుంచి అది, తను ఊరికి పోయే రోజు ఇంకెంత దూరమన్న లెక్కగా మారిందో అతనికి తెలియదు. తెలిసిన రోజున మాత్రం చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. అయినా ప్రతి నెలా ఆ మాట దానంతటదే నోట్లోంచి వస్తోంది.

"మంచిగున్నది. మొన్న నిజామాబాద్ దవాఖాన్ల చూపించిన. బీపీ లేదు, షుగర్ లేదు. ఇంకో ఇరవై ఏండ్లు ఢోకా లేదన్నడు డాక్టర్."

"మంచిది" అన్నాడు లింబాద్రి. తన గొంతు తనకే పలచగా వినిపించింది.

"ఆ మాట ఇంకోసారి అడగకు" అంది, ఫోన్ పెట్టేసింది.